బొమ్మ చూపిస్తే పేరు చెప్తాడు, తనకు కావలసింది మాత్రం అడగడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మాటలబడి అడిగిన ప్రశ్న

నమస్తే అండి. నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. బాబుకి ఐదేళ్లు, ఆటిజం. వినికిడి పరీక్షలో తేడా ఏమీ లేదు. కార్డులు చూపించి "ఇదేంటి?" అంటే అరవై దాకా పేర్లు చెప్తాడు. రెండక్షరాల మాటలు విన్నది విన్నట్టు అంటాడు, మూడు దాటితే చివరిది మింగేస్తాడు.

ఇబ్బంది అంతా అడగడం దగ్గరే. బంతి కార్డు చూసి "బంతి" అనే పిల్లాడు, అటక మీది బంతి కోసం మాత్రం పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని లాక్కెళ్తాడు. అర్థం కాకపోతే అరుస్తాడు, చేతికి దొరికింది విసిరేస్తాడు. "ఏం కావాలి?" అని అడిగితే కొన్నిసార్లు "ఇంకా" అంటాడు, అదీ ప్రతి వస్తువుకీ. ఇంట్లో "నీళ్లు కావాలా?" అని అడిగీ అడిగీ, ఇప్పుడు దాహం వేస్తే "నీళ్లు కావాలా" అంటున్నాడు.

పేర్లు తెలిసినా అడగడం ఎందుకు రావడం లేదు? "ఏం కావాలి?" అని ఎవరో ఒకరు అడిగేదాకా ఆగడం ఎలా పోతుంది? బొమ్మల కార్డులు చేతికిచ్చి అడిగించడం మొదలుపెడితే ఉన్న మాట కూడా పోతుందేమోనని తల్లి భయం. ఆవిడకి ఏం చెప్పాలి?

---

చిరుగాలి జవాబు

బంతి బొమ్మ చూసి "బంతి" అనడం ఒక నైపుణ్యం. బంతి మీద మనసుపడి "బంతి" అనడం ఇంకొకటి. నోట్లోంచి వచ్చే శబ్దం ఒకటే అయినా దాన్ని రప్పించే కారణం వేరు, దాని వెంట దొరికేది కూడా వేరు. కార్డు దగ్గర "శభాష్" దొరుకుతుంది. అడిగినప్పుడు దొరకాల్సింది బంతి. మనస్తత్వవేత్త స్కిన్నర్ 1957లో వెర్బల్ బిహేవియర్ అనే పుస్తకంలో మాటల్ని ఇలా పనిని బట్టి విడదీశాడు. అడగడం మాండ్, చూసింది చెప్పడం టాక్ట్, విన్నది తిరిగి అనడం ఎకోయిక్, ఎదుటివాళ్ల మాటకి ఇంకో మాటతో బదులివ్వడం ఇంట్రావెర్బల్. 1985లో లామార్, హాలండ్ చిన్నపిల్లలకు "ఎడమవైపు", "కుడివైపు" అనే మాటలు నేర్పి చూస్తే, ఒక పనిగా నేర్చుకున్నది రెండో పనిలోకి దానంతట అది రాలేదు. తర్వాతి పరిశోధనల్లో కొందరు పిల్లలకు వచ్చింది కూడా. అంటే వస్తుందని ఎదురుచూడకూడదు, రెండూ నేర్పాలి. మీ బాబుకి అరవై టాక్ట్‌లు ఉన్నాయి, మాండ్‌లు దాదాపు లేవు. విన్నది అనగలగడం మీ చేతిలో ఉన్న పెద్ద ఆస్తి. దాంతోనే మొదలుపెట్టండి.

ముందు నిజంగా ఏం కావాలో తేల్చుకోండి. తల్లిదండ్రులు చెప్పిన జాబితా ఒక్కటే చాలదు. అయిదో ఏడో వస్తువులు వరసగా పెట్టి ఒకటి తీసుకోనివ్వండి, అర నిమిషం ఆడుకోనివ్వండి. తర్వాత దాన్ని పక్కన పెట్టేసి, మిగిలినవాటి చోట్లు మార్చి మళ్లీ ఎంచుకోనివ్వండి. చోట్లు ఎందుకు మార్చాలంటే కొందరు ఎప్పుడూ కుడి చివరదే తీస్తారు. అన్నీ అయ్యేసరికి ఇష్టాల వరస వస్తుంది. నిన్నటి వరస ఇవాళ పనిచేయకపోవచ్చు కాబట్టి సెషన్ మొదట్లో రెండు మూడు వస్తువులతో చిన్నగా మళ్లీ చూసుకోవాలి.

మొదటి మాటలు మూడో నాలుగో చాలు. ఎంపికలో నేను చూసేవి ఇవి. పిల్లాడికి గట్టిగా కావాలి. కొన్ని సెకన్లలో అయిపోయి మళ్లీ కావాలనిపించాలి. నోటికి అందాలి, ఒకదానికొకటి వినికిడిలో దూరంగా ఉండాలి. ఉయ్యాలకి "ఊపు", పైకి లేపడానికి "ఎత్తు", జారుడుబల్ల మీద వదిలే "బంతి", బుడగల సీసాకి "ఊదు" లాంటివి. ఇందులో "ఊపు", "ఊదు" రెండూ ఒకేసారి వద్దు, కలగాపులగం అవుతాయి.

"ఇంకా", "ఇవ్వు", "కావాలి", "ప్లీజ్" మొదటి మాటలుగా అసలు పనికిరావు. "ఇంకా" అన్నది ఏ వస్తువు దగ్గరైనా పనిచేస్తుంది కాబట్టి వస్తువు పేరు చెప్పాల్సిన అవసరమే పిల్లాడికి ఉండదు. పైగా వస్తువు కళ్లముందు లేనప్పుడు "ఇంకా" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, కోపం అక్కడే మొదలవుతుంది. మీ బాబు "ఇంకా" అంటే తిట్టడం, పట్టించుకోనట్టు ఊరుకోవడం వద్దు. వెంటనే అసలు మాట మీరు అనండి, తను అనగానే ఇచ్చేయండి.

ఇక నేర్పే తీరు. ఉయ్యాల అనుకుందాం. రెండుసార్లు ఏమీ అడక్కుండానే ఊపండి. మూడోసారి పట్టుకుని ఆపండి. మీ వంక చూసినా, ఒళ్లు ముందుకి వంచినా కావాలన్నమాట. ఆ క్షణంలోనే "ఊపు" అనండి. తను "ఊపు" అనగానే ఊపండి. మొదట్లో ఆలస్యం సున్నా, అంటే తప్పు చేసే సందే లేదు. ఇలా ఏడెనిమిది సార్లు తడబడకుండా వచ్చాక, ఆపిన తర్వాత రెండు సెకన్లు నోరు మెదపకుండా ఆగండి. తర్వాత మూడు, తర్వాత అయిదు. మీరు అనకముందే తను అంటే పెద్ద ఊపు, ఎక్కువసేపు. మీరు అన్నాక అంటే చిన్న ఊపు. ఈ తేడా లేకపోతే పిల్లలు మీరు అనేదాకా ఆగడమే సులువని నేర్చుకుంటారు, ప్రాంప్ట్ మీద, అంటే మనం అందించే సాయం మీద, ఆధారపడటం చాలావరకు ఇలాగే తయారవుతుంది. అయిదు సెకన్లు దాటి ఆగకండి. కోరిక ఉన్నప్పుడు అయిదు సెకన్ల మౌనం చాలా పొడుగు, అక్కణ్ణుంచి ఏడుపు మొదలవుతుంది.

"ఏం కావాలి?" సంగతి. ఆ ప్రశ్నని ఇవాళ్టి నుంచి పూర్తిగా ఆపేయండి. ప్రతిసారీ ప్రశ్న తర్వాతే మాట, మాట తర్వాతే వస్తువు వస్తుంటే, అడగడానికి సంకేతం ఆ ప్రశ్నే అయిపోతుంది. లోపలి కోరిక సంకేతం అవ్వాలంటే మధ్యలో ఆ ప్రశ్న ఉండకూడదు. ముఖంలో ఎదురుచూపు చాలు. ప్రశ్నకి జవాబు చెప్పడం వేరే నైపుణ్యం, పదో పదిహేనో మాటలు సొంతంగా అడగడం వచ్చాక నేర్పవచ్చు.

రోజంతా కలిపి అడిగే అవకాశాలు పదులకొద్దీ ఉండాలి, బల్ల దగ్గర కూర్చోబెట్టి వరసగా పదిసార్లు కాదు. ఒకే వస్తువు వరసగా ఇస్తుంటే ఏడెనిమిదోసారికి మోజు తీరిపోతుంది, అక్కడ మాట రాకపోతే మర్చిపోయాడని అనుకుంటాం. మోజు తీరకముందే, ఇంకా కావాలనిపిస్తుండగానే వేరే ఆటకి మారండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. చేతిలో ఉన్నది లాక్కుని అడిగించకూడదు. నీళ్లు, తిండి, బాత్రూమ్‌కి వెళ్లడం, నొప్పి, భయం, వీటి దగ్గర మాట కోసం ఆపకూడదు. అక్కడ మాట మీరు అనండి, తను అన్నా అనకపోయినా వెంటనే ఇవ్వండి.

---

స్వరపేటిక జవాబు

చిరుగాలి గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, స్పీచ్ థెరపీ వైపు నుంచి కొన్ని కలుపుతాను. ఒకచోట కొంచెం జాగ్రత్త అవసరం అనిపించింది, అదీ చెప్తాను.

"నీళ్లు కావాలా" అనడంలో తప్పేమీ లేదు, పిల్లాడు విన్నది విన్నట్టు నేర్చుకున్నాడు. నీళ్లు వచ్చే ముందు ప్రతిసారీ వినబడిన మాట అదే కాబట్టి తన దృష్టిలో నీళ్లు రప్పించే మాట "నీళ్లుకావాలా" అనే ఒకే ముక్క. మార్చాల్సింది పెద్దవాళ్ల మాట. దాహంగా ఉన్నాడనిపిస్తే ప్రశ్న వెయ్యకుండా, పిల్లాడు ఎలా అనాలో అలాగే "నీళ్లు" అని మామూలు గొంతుతో అనండి. తను "నీళ్లు కావాలా" అన్నప్పుడు వద్దనకుండా, తల ఊపి, "నీళ్లు" అని ఒక్కసారి అని, తను అన్నా అనకపోయినా నీళ్లు ఇచ్చేయండి. ఇంట్లో అందరూ ఆ ప్రశ్న మానేస్తే ఈ అలవాటు కరిగిపోతుంది. ఒక్కరు మానకపోయినా మిగిలిపోతుంది. "కావాలా?" అన్నదానికి "కావాలి", "వద్దు" అని జవాబివ్వడం తర్వాత విడిగా నేర్పాలి, బాగా ఇష్టమైనదొకటీ అస్సలు గిట్టనిదొకటీ పెట్టుకుని.

ఇలాంటిదే ఇంకొకటి. మనం "బంతి అను", "బంతి అని చెప్పు" అంటాం. తెలుగులో ఆ "అను" మాట చివర వస్తుంది, అనుకరించే పిల్లల చెవిలో ఆఖరిదే నిలుస్తుంది. అందుకే చాలామంది "బంతి అను" అనే తిరిగి అంటారు, కొందరు "అను" ఒక్కటే అంటారు. మాట అందించేటప్పుడు ఆ మాట తప్ప ఇంకేమీ అనకూడదు. ముందూ వెనకా ఏదీ వద్దు.

మూడక్షరాలు దాటితే చివరిది మింగేస్తున్నాడన్నారు కదా. మొదటి మాటలు రెండక్షరాలలోపు, పెదవులతో, నాలుక కొసతో పలికేవి ఎంచుకోండి. ప, బ, మ, త, న లాంటివి, దీర్ఘాలతో. "నీళ్లు"ని "నీలు" అంటే సంతోషంగా తీసుకోండి. "తియ్యి"ని "తీ" అన్నా చాలు. ఇక్కడే నా జాగ్రత్త. అడిగే క్షణంలో ఉచ్చారణ దిద్దకూడదు. "సరిగ్గా చెప్పు, అప్పుడిస్తా" అంటే, అప్పుడప్పుడే పుట్టిన అడగడం అక్కడే ఆగిపోతుంది. ప్రతి మాటకీ ఇప్పుడు ఏ రూపం వస్తోందో రాసిపెట్టుకోండి, ఆ రూపానికే వస్తువు ఇవ్వండి. స్పష్టత కోసం పని వేరేగా, కోరికతో సంబంధం లేని చిన్న అనుకరణ ఆటగా, రోజుకి రెండు మూడుసార్లు రెండేసి నిమిషాలు చేయండి. అక్కడ పదికి ఎనిమిదిసార్లు మెరుగైన రూపం వచ్చాకే అడిగేటప్పుడు దాన్ని ఆశించండి. ఆ రోజు నలతగా ఉంటే పాత రూపమే చాలు.

మాట అందించినా రాకపోతే ఇంకోసారి, మహా అయితే మూడోసారి. అప్పటికీ రాకపోతే తను తేలిగ్గా చేయగలిగేది ఏదైనా, చెయ్యి చాపినా చాలు, తీసుకుని వస్తువు ఇచ్చేయండి. అయిదారుసార్లు అనిపించబోయి చివరికి విసుగుతో ఇచ్చేస్తే, పిల్లాడికి బలపడేది మాట కాదు, పెనుగులాట.

"నాకు బంతి కావాలి" అని పూర్తి వాక్యం తొందరగా నేర్పాలన్న ఆత్రం చాలాచోట్ల కనిపిస్తుంది. వద్దు. మూడక్షరాలకే ఊపిరి సరిపోని పిల్లాడి నోట్లో ఆరేడు అక్షరాలు పెడితే అసలు మాటే నలిగిపోతుంది. ప్రతి వాక్యం "నాకు"తో మొదలై "కావాలి"తో ముగుస్తుంటే మధ్యలో ఏముందో వినేవాళ్లకి తెలియదు. అయినా తెలుగులో "ఊపు" అనేది ఇప్పటికే నిండు వాక్యం. రెండు మాటల దశకి వెళ్లినప్పుడు కూడా రెండో మాట కొత్త సమాచారం ఇచ్చేదై ఉండాలి. "ఎర్ర బంతి", "గట్టిగా ఊపు", "మూత తియ్యి". ఎర్రదీ నీలిదీ రెండూ ఎదురుగా ఉండి, ఒకటే కావాలనిపించే పరిస్థితి ఉంటేనే "ఎర్ర" అనే మాటకి పని ఉంటుంది.

ఒకే మాట ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తోందా? నోరు తెరిచి, పెదవులు వెతుక్కుంటున్నట్టు కదుపుతున్నాడా? అలా ఉంటే అప్రాక్సియా, అంటే పలకడానికి కావలసిన నోటి కదలికల్ని కూర్చుకోలేని ఇబ్బంది, ఉందేమో స్పీచ్ థెరపిస్ట్ చూడాలి. దానికి నోటి కదలికల మీదే సాగే ప్రత్యేకమైన సాధన కావాలి, మాటకి బదులుగా దొరికే ఇష్టమైన వస్తువు (రీఇన్‌ఫోర్సర్) ఎంత గట్టిదైనా ఆ లోటు తీర్చదు. వచ్చిన మాటలు పోతున్నాయని ఎవరైనా చెప్తే మాత్రం డాక్టర్‌కి చూపించడం మొదటి పని.

ఇక తల్లిగారి భయం. మిల్లర్, లైట్, ష్లోసర్ 2006లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్ని జల్లెడ పట్టారు. గట్టి ఆధారం ఉన్న 27 మందిలో బొమ్మలు, సైగలు, పరికరాల వల్ల మాట తగ్గినవాళ్లు ఒక్కరూ లేరు. 89 శాతం మందికి మాట పెరిగింది, మిగిలినవాళ్లకి ఉన్నట్టే ఉంది. పెరుగుదల చాలామందిలో కొంచెమేనని కూడా ఆవిడకి నిజాయితీగా చెప్పండి. కార్డులు మాట తెప్పిస్తాయని హామీ ఇవ్వలేం. మాటని అడ్డుకుంటాయన్న భయానికి మాత్రం ఆధారం లేదు.

---

మాటలబడి

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలండి. "అను" సంగతి చదివాక రికార్డింగులు వింటే నిజంగానే ప్రతిచోటా అంటున్నాం. రెండు సందేహాలు. వస్తువు కళ్లముందు ఉంటేనే అడిగితే, లేనప్పుడు అడగడం ఎలా వస్తుంది? అనుకరణ వచ్చిన పిల్లాడికి కార్డులు అవసరమా, వద్దా?

---

దారితీగ జవాబు

రెండో సందేహం ముందు. అనుకరణ మాటల్లోనే ఇంత బాగా ఉన్నప్పుడు మాటే ప్రధాన దారి. అయినా విసరడం, అరవడం ఉన్నాయి కాబట్టి, మాట రాని క్షణాల కోసం కార్డులు పక్కన ఉండాలంటాను. మాటని బయటినుంచి పట్టి పలికించలేం, చేతిని మాత్రం మెల్లిగా నడిపించి కార్డు ఇప్పించవచ్చు. కార్డుల బలం అదే.

కార్డులతో చేసేవాళ్లలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది తొలిమెట్టులోనే. బాండీ, ఫ్రాస్ట్ 1985లో మొదలుపెట్టిన పెక్స్ (బొమ్మ కార్డు ఇచ్చి వస్తువు అడిగే) పద్ధతిలో ఆరు మెట్లున్నాయి. మొదటి మెట్టుకి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు ఎదురుగా, చేతిలో ఇష్టమైన వస్తువుతో. ఇంకొకరు పిల్లాడి వెనక, ఒక్క మాటా మాట్లాడకుండా. పిల్లాడు వస్తువు కోసం చెయ్యి చాపాకే వెనకున్నవాళ్లు ఆ చేతిని కార్డు వైపు నడిపించి, ఎదుటివాళ్ల అరచేతిలో పెట్టిస్తారు. కార్డు చేతిలో పడగానే వస్తువు, వస్తువుతోపాటు దాని పేరు. వెనకున్నవాళ్ల సాయం చివరి అంగం నుంచి మొదలుపెట్టి తగ్గుతుంది, ముందు వదలడం, తర్వాత చాపడం, ఆఖరికి తీయడం. ఇద్దరి పనీ ఒక్కరే చేయబోతే, "కార్డు ఇవ్వు" అనో, ఖాళీ అరచెయ్యి చాపో అడిగేస్తారు. అది మళ్లీ "ఏం కావాలి?" లాంటి సంకేతమే అవుతుంది.

రెండో మెట్టు దూరం. కార్డులు ఉంచే పుస్తకం కొంచెం దూరంలో, మనిషి ఇంకొంచెం దూరంలో, వీపు తిప్పి. అవతలి మనిషిని వెతుక్కుంటూ వచ్చి ఇవ్వడం ఇక్కడ వస్తుంది. దీన్ని దాటేసి మూడో మెట్టుకి పోతే బల్ల దగ్గర తప్ప ఎక్కడా అడగని పిల్లాడు తయారవుతాడు. మూడో మెట్టులో రెండు కార్డుల మధ్య ఎంపిక. మొదటి జత బాగా ఇష్టమైనదీ, అస్సలు అక్కర్లేనిదీ అయి ఉండాలి. రెండూ ఇష్టమైనవి వచ్చాక, కార్డు ఇవ్వగానే రెండు వస్తువులూ చూపించి "తీసుకో" అనండి. బంతి కార్డు ఇచ్చి బండి మీద చెయ్యి వేస్తే కార్డుల మధ్య తేడా ఇంకా తెలియలేదన్నమాట. "కాదు" అనకుండా సరైన కార్డు చూపించి, తన చేత ఇప్పించి, మధ్యలో తనకి తెలిసిన వేరే పని ఒకటి చేయించి, మళ్లీ మొదటినుంచి అవకాశం ఇవ్వండి. మధ్యలో ఆ వేరే పని లేకపోతే ఇప్పుడే చూసిన చోటు గుర్తుపెట్టుకుని ఇచ్చేస్తాడు. "ఏం కావాలి?" అనే ప్రశ్న ఈ పద్ధతిలో అయిదో మెట్టుకి గానీ రాదు, చిరుగాలి గారు చెప్పిన కారణంతోనే.

చేతిని నడిపించడం గురించి ఒక హెచ్చరిక. ఆ సాయం రోజులు గడిచేకొద్దీ తగ్గుతూ పోయి ఆగిపోవాలి. పెద్దవాళ్లు చెయ్యి పట్టుకునో, అక్షరాల బల్ల గాల్లో పట్టుకునో ఎల్లకాలం టైప్ చేయించే పద్ధతులు కొన్ని ఉన్నాయి. చెయ్యి పట్టుకునే పద్ధతిలో (ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్) వచ్చే మాటలు పట్టుకున్నవాళ్లవేనని అదుపుతో చేసిన పరీక్షల్లో తేలింది, బల్ల పట్టుకునే పద్ధతిలో (రాపిడ్ ప్రాంప్టింగ్ మెథడ్) వచ్చేవి పిల్లల సొంత మాటలేనని చూపించే ఆధారం లేదు. అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్ 2018లో ఈ రెండూ వాడవద్దని ప్రకటించింది. తల్లిదండ్రుల్ని ఆశపెట్టి తిప్పుకునే అవకాశం వీటిలో ఎక్కువ, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక కళ్లముందు లేనిది అడగడం. రెండు దారులు కలిపి వాడండి. ఒకటి, వస్తువుని మెల్లమెల్లగా మరుగున పెట్టడం. ముందు పూర్తిగా కనిపిస్తూ, తర్వాత సగం గుడ్డ కప్పి, తర్వాత పిల్లాడు చూస్తుండగా పెట్టెలో పెట్టి, ఆఖరికి వేరే గదిలో. ప్రతి మెట్టులో తొలి రెండు మూడుసార్లు మాట అందించి, మళ్లీ ఆగడం మొదలుపెట్టండి. మెట్టు మారినప్పుడు మాట తగ్గడం సహజం, కంగారుపడి వెనక్కి మొదటికే రాకండి, ఒక్క మెట్టు దిగితే చాలు.

రెండోది, తనకి బాగా వచ్చిన పనిలో ఒక ముక్క లేకుండా చేయడం. హాల్, సండ్‌బర్గ్ 1987లో వాడిన తీరు ఇది. పజిల్ అంతా పేర్చి ఆఖరి ముక్క లేకపోతే "ముక్క". రంగుల సీసా, కాగితం ఉండి కుంచె లేకపోతే "కుంచె". బుడగల సీసా మూత బిగుసుకుంటే "తియ్యి". ఇందులో విజయం ఒక షరతు మీద ఆధారపడి ఉంది, పని సాయం లేకుండా పూర్తిగా వచ్చి ఉండాలి, పూర్తి చేయాలన్న ఆరాటం ఉండాలి. పని రానప్పుడు ముక్క లేకపోతే అది లేదని కూడా తనకి తెలియదు, లేచి వెళ్లిపోతాడు. అయిదారుసార్లు చేసిన పనిలో ఒకసారి ముక్క దాచండి, మిగిలినసార్లు హాయిగా పూర్తిచేసుకోనివ్వండి. ప్రతిసారీ ఏదో ఒకటి మాయమవుతుంటే ఆ ఆటే వదిలేస్తాడు. వస్తువు కావాల్సినప్పుడు "కుంచె", అక్కర్లేనప్పుడు మౌనం, రెండూ వస్తేనే అది నిజంగా అడగడం. కుంచె ఇచ్చి ఉన్నా "కుంచె" అంటున్నాడంటే బొమ్మ చూసి పేరు చెప్పడమే ఇక్కడికీ వచ్చిందన్నమాట.

---

చిరుగాలి

అరవడం, విసరడం గురించి ఎవరూ విడిగా రాయలేదు కాబట్టి కలుపుతున్నాను. కార్, డ్యురాండ్ 1985లో చూపించింది స్థూలంగా ఇదీ: గోల దేనికోసమో తెలుసుకుని, అదే ఫలితాన్నిచ్చే ఒక మాట నేర్పితే గోల తగ్గుతుంది. ముందు కొన్నిరోజులు ప్రతి సంఘటనకీ మూడు గడులు నింపండి, ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, వెంటనే ఏం దొరికింది. వస్తువు దొరుకుతోందా, పని తప్పుతోందా, ఎవరైనా దగ్గరికొస్తున్నారా, మూడింటికీ మూడు వేరే మాటలు. పని తప్పించుకోవడానికి విసిరే పిల్లాడికి "బంతి" అడగడం నేర్పితే ఆ విసరడం తగ్గదు, అక్కడ కావాల్సింది "ఆపు" లేదా "కాసేపు".

కొత్త మాట గోలకన్నా తేలికగా ఉండాలి, గోలకన్నా తొందరగా ఫలించాలి. ఇంటినిండా వినబడే అరుపుకి పరుగెత్తుకొచ్చి, మెల్లిగా అన్న "ఆపు"కి "ఒక్క నిమిషం" అంటే ఏది గెలుస్తుందో చెప్పక్కర్లేదు. అందుకే మొదటి వారాల్లో "ఆపు" అన్న ప్రతిసారీ ఆపేయాలి, పని సగంలో ఉన్నా సరే. ఆపలేని వాటితో, మందు వేయడం, రోడ్డు మీద చెయ్యి పట్టుకోవడం లాంటివాటితో, ఈ మాట నేర్పడం మొదలుపెట్టకండి. మాట నిలబడ్డాక, "ఇంకొక్కటి చేసి ఆపుదాం" అని అయిదు సెకన్లు, తర్వాత పది, అలా పెంచుకుంటూ వెళ్లవచ్చు.

నేర్పాల్సిన సమయం గోల మొదలైనప్పుడు కాదు, దానికి ముందు. ముఖం ముడుచుకోవడం, కాళ్లు ఆడించడం కనబడగానే "ఆపు" అని అందించండి. విసిరాక అందించి ఇచ్చేస్తే విసరడం, తర్వాత మాట, తర్వాత ఫలితం అనే గొలుసు తయారవుతుంది, అప్పుడు ప్రతి "ఆపు"కి ముందు ఒక వస్తువు ఎగురుతుంది. గోలకి దొరికేది దొరకడం మానేసినప్పుడు మొదట్లో అది కాసేపు ఇంకా పెరగొచ్చు. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పకపోతే సరిగ్గా ఆ పెరిగినచోటే లొంగిపోతారు, మరుసటిసారి ఆ స్థాయి నుంచే మొదలవుతుంది. తనని తాను గాయపరచుకునే పిల్లల విషయంలో ఇవన్నీ అనుభవమున్న బిహేవియర్ అనలిస్ట్ దగ్గరుండి చూడకుండా ప్రయత్నించవద్దు.

---

స్వరపేటిక

ఆ అరవై టాక్ట్‌ల గురించి ఒక మాట. వాటిని వదిలేయనక్కర్లేదు. అడగడం వచ్చిన మాటతో వెంటనే చూసింది చెప్పించి, మళ్లీ అడిగేదానికి తీసుకురావచ్చు. బంతి అడిగి తీసుకుని ఆడాక, ఇంకో రంగు బంతి చూపించి "ఇదేంటి?". జవాబుకి మెప్పు, తర్వాత తనకి కావలసింది వేరేది. చెప్పిన ప్రతిసారీ ఆ బంతే చేతిలో పెడితే చెప్పడం, అడగడం తనకి కలిసిపోతాయి.

కార్డులు ఒకే సెట్ అయితే ఆ సెట్‌కే మాట అతుక్కుంటుంది. ప్రతి పేరుకీ కనీసం మూడు వేర్వేరు బొమ్మలు, ఒక అసలు వస్తువు. నాలుగోది, ఎప్పుడూ చూడనిది పెట్టి చూస్తే నిజంగా వచ్చిందో లేదో తెలుస్తుంది. ఇంట్రావెర్బల్‌కి ఇప్పుడే తొందరలేదు. తనకి బాగా వచ్చిన పాటలో ఆఖరి మాట దగ్గర ఆగడం, "కుక్క ఏమంటుంది" లాంటివి ఆటగా చాలు. అర్థం తెలియకుండా ప్రశ్నలకి జవాబులు బట్టీ పట్టిస్తే, "ఏం తిన్నావ్" అన్నా "ఎక్కడికెళ్లావ్" అన్నా ఒకే జవాబు వస్తుంది. దాన్ని విడదీయడం మొదట నేర్పడం కన్నా కష్టం.

---

దారితీగ

రాసుకోవడం గురించి అడగకపోయినా చెప్తాను, లేకపోతే పైవన్నీ ఎటు పోతున్నాయో తెలియదు. నిడివి షీట్లు వద్దు, ఎవరూ నింపరు. ప్రతి మాటకీ ఆ రోజు మొట్టమొదటి అవకాశం ఒక్కటి రాయండి, ఏ సాయమూ ఇవ్వకముందు. సొంతంగా అంటే "సొ", ఆగిన తర్వాత మాట అందిస్తే "అం", రాలేదంటే సున్నా. సెషన్ మధ్యలో పదికి తొమ్మిది రావడం పెద్ద లెక్క కాదు, అప్పటికే చాలాసార్లు విని ఉన్నాడు. పొద్దున్న మొదటిసారే వచ్చిందా అన్నదే లెక్క. వరసగా మూడు రోజులు "సొ" వస్తే ఆ మాటని వేరే మనిషితో, వేరే గదిలో చూడండి. అక్కడ కూడా వస్తే కొత్త మాట కలపండి, పాతది రోజూ ఒకటి రెండుసార్లు తిప్పుతూ ఉండండి.

వరసగా నాలుగైదు రోజులు "అం" దగ్గరే ఆగిపోతే పిల్లాణ్ణి కాదు, మీ తీరుని చూసుకోండి. కోరిక నిజంగా ఉందా, మీరు ఆగే సమయం రెండు సెకన్ల దగ్గరే ఉండిపోయిందా, అందించినా అందించకపోయినా ఒకేలా ఇస్తున్నారా, మధ్యలో ఎవరైనా "ఏం కావాలి?" అంటున్నారా. ఒకసారి అయిదు నిమిషాలు వీడియో తీసి, మొదట శబ్దం లేకుండా చూడండి. చేతులు, కళ్లు ఇచ్చే సంకేతాలు అప్పుడే బయటపడతాయి. చాలాసార్లు మాట రాకముందే చెయ్యి వస్తువు వైపు వెళ్లిపోతూ కనిపిస్తుంది.